విశాఖలో వేలాడిన హీటరు గొట్టం

నేను ఒక రబ్బరు గొట్టాన్ని. అలా అనగానే మీకు పెరట్లో మొక్కలకు నీళ్ళు పెట్టే పైపు గుర్తొస్తుంది. అదే నా బాధ. పుట్టిన దగ్గర్నుంచి నన్ను చూసినవాళ్ళంతా అలాగే అనుకున్నారు. కాదు నాయనా, కాదు. నేను హీటరు గొట్టాన్ని. బండి నడుస్తుంటే ఇంజనులో నీళ్ళు కాగుతాయి కదా, ఆ వేడి నీళ్ళను డాష్‌బోర్డు వెనకున్న చిన్న పెట్టెలోకి మోసుకుపోవడం నా పని. ఆ పెట్టె మీదుగా ఫ్యాను ఊదితే లోపల కూర్చున్నవాళ్ళకు వెచ్చటి గాలి తగులుతుంది. ముందు అద్దానికి పట్టిన ఆవిరి విడిపోతుంది. ఆ తర్వాత నా తోడు గొట్టం ఆ నీళ్ళను తిరిగి ఇంజనుకు చేరుస్తుంది. పోయేది ఒకటి, వచ్చేది ఒకటి. అందుకే మాలో ఒంటరిగా పుట్టేవాళ్ళుండరు. జంటగా పుడతాం, జంటగానే ఒక సంచిలో బయల్దేరతాం.

మద్రాసు అవతల ఒక రేకుల షెడ్డులో మేమిద్దరం పుట్టాం. నల్లటి రబ్బరు ముద్ద, నడుమ గట్టి దారపు అల్లిక. వంకర తిరిగిన ఇనుప కడ్డీకి తొడిగి, ఇడ్లీల్లాగా ఆవిరి మీద ఉడికించారు. మోచేయి వంచినట్టు నాకొక వంపు వచ్చింది. అది ఇక చచ్చినా పోదు. ఇంజను మూలన ఇరుకు మలుపులో మామూలు గొట్టమైతే మడత పడి ఊపిరి బిగబడుతుంది. నేనైతే పడను. నాకున్న గొప్ప ఆ ఒక్కటే.

ఇంత గొప్పవాణ్ణి తీసుకొచ్చి ఎక్కడ పడేశారయ్యా అంటే విశాఖపట్నంలో! గాజువాక ఆటోనగర్‌లో కాండ్రేగుల నూకరాజు అనే ఆయన కొట్లో. పొద్దున్నే షట్టరు ఎత్తేసరికే ఆయన చొక్కా వీపుకు అతుక్కుని ఉండేది. ఆ ఉక్కలో హీటరు గొట్టం ఎవడిక్కావాలి? ఫ్యానుబెల్టులు వచ్చేవి, పోయేవి. రేడియేటరు గొట్టాలు సంచి విప్పకముందే అమ్ముడయ్యేవి. మేమిద్దరం మాత్రం గోడకు కొట్టిన మేకుకు వేలాడుతూ ఉండేవాళ్ళం.

దానికి తోడు అక్కడి మెకానిక్కుల పద్ధతి ఒకటుంది. బండిలో హీటరు గొట్టం కారిందంటే కొత్తది వెయ్యరు. పాతది పీకి అవతల పారేసి, ఇంజను దగ్గరున్న రెండు మూతులనూ ఒక ముక్కతో కలిపేస్తారు. ఇక నీళ్ళు హీటరు గడప తొక్కవు. దాన్ని ‘లూపు కొట్టడం’ అంటారు. హీటరు మాత్రం డాష్‌బోర్డు వెనక అలాగే ఉంటుంది. ఉందని ఎవరికీ గుర్తుండదు.

ఒక వేసవిలో నూకరాజుగారి చుట్టం ఒకాయన కూలరుకు పైపు కావాలంటూ వచ్చాడు. నూకరాజు మా ఇద్దరినీ చూసి, "ఒకటి పట్టుకుపో బావా, ఇంకోటుంది కదా" అన్నాడు. అంతే. నా తోడును ఆ మనిషి చంకలో పెట్టుకుని పోయాడు. జంటలో ఒకటి పోతే రెండోది ‘ఉన్నట్టు’ ఎలా అవుతుందో మనుషుల లెక్క నాకు ఇవాళ్టికీ అర్థం కాదు. ఆ మేకు మీద నేనొక్కణ్ణే మిగిలాను. దుమ్ము పట్టింది. సాలెపురుగు నా వంపులో గూడు కట్టుకుంది. అదన్నా ఉంది కదా అనుకునేవాణ్ణి. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చేది.

ఏళ్ళు గడిచాయి. వానలు వెనకపట్టిన రోజుల్లో ఒక ఆడమనిషి కొట్లోకి వచ్చింది. నడివయసు, మొహాన బొట్టు లేదు, మెళ్ళో నల్లదారం. చేతి సంచిలోంచి ఒక పాత గొట్టం ముక్క తీసి బల్ల మీద పెట్టింది.

"బావూ, ఇలాటిది కావాల."

"ఏ బండికమ్మా?"

"కాఫీ తోటలోలు ఏలంలో అమ్మీసిన పాత వ్యాను. మా ఆయన కొన్నాడు. ఇప్పుడు నేనే నడుపుతన్నాను."

నూకరాజు ముక్కను తిప్పి చూసి నవ్వాడు. "ఇది హీటరు పైపు కదమ్మా! ఊరు ఊరంతా ఉడికిపోతంటే హీటరేటి? లూపు కొట్టించీ, గొడవొదిలిపోద్ది."

"కొట్టీసినారు బావూ. పోయినేడు కిందకి రిపేరుకి తెస్తే, మాటైనా అడక్కుండా కొట్టీసినారు. ఆలు పారీసిన ముక్క ఏరి దాసినాను. మాది లంబసింగి పైన. సీతాకాలమొస్తే కుండలో నీల్లు ముట్టుకోనేం."

ఆమె పేరు కాసులమ్మ, ఇంటిపేరు సాగిన. సంత రోజుల్లో కొండ మీది పల్లెల వాళ్ళను, వాళ్ళ పసుపు బస్తాలను, రాజ్‌మా మూటలను చింతపల్లికి చేర్చి, సాయంత్రం మళ్ళీ ఇళ్ళకు దింపేది. ఆమె తన చేతులు రెండూ చాపి చూపించింది.

"సలికి ఈ ఏల్లు తెల్లగా పాలిపోతాయి. మొద్దుబారిపోతాయి. స్టీరింగు పట్టుకున్నానో నేదో నాకే తెలీదు. పోయినేడు మలుపులో చెయ్యి జారిపోనాది. బండి లోయ అంచుకెల్లి ఆగింది. ఎవులికీ ఏటీ కానేదు గానీ, అందరూ భయపడిపోనారు. ఈ ఏడు కూడా హీటరు నేకపోతే బండి అమ్మీమన్నాడు మా మరిది. కొనీవోడు కూడా సిద్దంగున్నాడు."

"మరి అమ్మీరాదమ్మా? ఈ వయసులో ఘాట్ రోడ్డు ఎందుకు సెప్పు?"

కాసులమ్మ ఆ పాత ముక్కను బల్ల మీద అటూ ఇటూ దొర్లించింది.

"అమ్మీస్తే నాతో మాటాడీ మడిసెవులు బావూ? ఇంటికాడ ఎవులూ నేరు. పిల్లల్నేరు. సంతకెల్లీవోలే నాకు మడుసులు."

నూకరాజు మరి నవ్వలేదు. కొట్టంతా గాలించాడు. మేకు మీద నన్ను చూసి, దుమ్ము దులిపి తెచ్చాడు. ఎన్నేళ్ళకు నన్నొక మనిషి పనికోసం పట్టుకున్నాడు! నా వంపు, ఆ పాత ముక్క వంపు ఒకటే. గుండె లేదు గానీ, ఉంటే ఆగిపోయేది.

అక్కడే వచ్చింది చిక్కు. పాత ముక్క మూతికి కొత్తదాని మూతి ఆనించి చూడటం బజారు పద్ధతి. ఆనించారు. నా మూతి చిన్నది, దానిది పెద్దది. "ఇది సరిపోదమ్మా" అనేశాడు నూకరాజు. ఆ ముక్క పుట్టుకతో అంత లావుది కాదు మహానుభావా! ఇంజను పక్కన ఏళ్ళ తరబడి కారిన ఆయిల్ తాగి తాగి ఉబ్బిపోయింది. వాపును చూసి బలుపనుకోకూడదని సామెత చెప్పింది మీ మనుషులే. అరిచి చెప్పాలనిపించింది. గొట్టానికి నోరు రెండు వైపులా ఉంటుంది, మాట మాత్రం ఉండదు.

నూకరాజు మూలనున్న పైపు చుట్టలోంచి లావుపాటి గొట్టం రెండు ముక్కలు కోసిచ్చాడు. కాసులమ్మ వాటిని సంచిలో పెట్టుకుంది. పోతూ పోతూ నన్ను ఊరికే బల్ల మీద వదల్లేదు. కొంగుతో తుడిచి, తనే తీసుకెళ్ళి మేకుకు తగిలించింది. ఆ తర్వాత కొట్టు అంతకు ముందుకంటే బోసిగా అనిపించింది.

దీపావళి వెళ్ళాక ఆమె మళ్ళీ వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. వస్తూనే బల్ల మీద వాలింది.

"నీ గొట్టాలు బిగీనేదు బావూ. క్లిప్పు ఎంత తిప్పినా ఒదులే. సంతకెల్లీ దారిలో నీల్లన్నీ కారిపోనాయి. ఇంజను కాగిపోనాది. మూలకాడ గొట్టం మడత కూడా పడిపోనాది. ముసిలోల్లు, పసిపిల్లల తల్లులు, అందరూ బరువులు మోసుకుని కొండెక్కినారు. మా మరిది ఆ కొనీవోడికి కబురెట్టీసినాడు. వచ్చే సంత దాకా ఆగమని కాల్లట్టుకుని ఒచ్చినాను."

నూకరాజు నెత్తి గోక్కున్నాడు. "ముక్కను బట్టే కదమ్మా ఇచ్చినాను?"

"ముక్కొద్దు బావూ. ఇది సూడు." మెళ్ళోని నల్లదారం పైకి లాగింది. దానికొక వెండి ఉంగరం వేలాడుతోంది.

నూకరాజు కంగారుపడ్డాడు. "ఓలమ్మా! ఉంగరమేటి? తాకట్టెట్టుకునే కొట్టు కాదమ్మా ఇది!"

"తాకట్టు కాదు. ఇంజను కాడ గొట్టం తొడిగీ ఇనప మూతి ఉంది కదా, దాని లావు ఎలా తేవాల అని సూసినాను. నా మట్టిగాజు తొడిగితే ఒదులు. నా ఉంగరం ఎక్కనేదు. ఇది సరిగ్గా పట్టీసింది. హీటరు కాడ మూతికీ ఇదే పట్టింది. మా ఆయనది."

దారం విప్పి ఉంగరం ఆయన చేతిలో పెట్టింది. నూకరాజు దాన్ని ఒక్కో గొట్టం మూతికీ ఆనిస్తూ వచ్చాడు. ఒకటి లావు, ఒకటి సన్నం. చివరికి నా దగ్గరకు వచ్చాడు. ఉంగరం రంధ్రం, నా రంధ్రం గీత గీసినట్టు కలిశాయి.

"నాదే తప్పప్పా" అన్నాడు నూకరాజు. అంతవరకూ అమ్మా అన్నవాడు, సొంత అక్కను పిలిచినట్టు అప్పా అనేశాడు. "ఆయిల్ తాగి ఉబ్బిపోయిన ముక్కని పట్టుకుని కొలత సూసినాను."

తర్వాత నన్ను వెలుతురులోకి తీసుకెళ్ళాడు. వేళ్ళతో నొక్కి, గట్టిగా వంచి, పగుళ్ళున్నాయేమోనని గోరుతో గీరి చూశాడు. "చాన్నాల్లుగా ఉన్న సరుకప్పా. రబ్బరు వాడకపోయినా ముసలిదైపోద్ది. పగుల్లైతే నేవు. రెండు మూడు సీతాకాలాలు ఒస్తాదేమో, అంతకి మించి సెప్పనేను."

"సాలు" అంది కాసులమ్మ.

హీటరు నుంచి నీళ్ళు తిరిగొచ్చే దారిలో వంపు లేదట. దానికి చుట్టలోంచి సరైన లావులో తిన్నటి గొట్టం కోసిచ్చాడు. ఆ తిన్నటివాడే నాకు కొత్త తోడు. మాటా పలుకూ లేదు. సంబంధం కుదిర్చినవాళ్ళు మా ఇద్దరినీ అడగలేదు కదా.

కొండ మీద ఒక ముసలి మెకానిక్కు నన్ను ఇనుప మూతికి తొడిగి, క్లిప్పు బిగించాడు. కాసులమ్మ ఇంజను తిప్పింది. కాసేపటికి వేడినీళ్ళు నాలోకి వచ్చాయి. అన్నేళ్ళు మేకుకు వేలాడినవాణ్ణి, నా పని ఏమిటో నాకే మరుపొచ్చిందేమో అనుకున్నాను. రాలేదు. నీళ్ళు నా మలుపు తిరిగి హీటరులోకి పోయాయి. డాష్‌బోర్డు అవతల ఆమె వేళ్ళు గాలికి అడ్డం పెట్టింది. "ఒచ్చింది, ఒచ్చింది!" అని చిన్నపిల్లలా అరిచింది. ఆ వారం సంతకు బండి కదిలింది. కొనేవాడు ఉత్త చేతులతో పోయాడు.

ఇక చూడండి మనుషుల వైభోగం. మొన్నటిదాకా ఆ బండి ఎక్కడానికి భయపడినవాళ్ళు, ఇప్పుడు ముందు సీటు కోసం తగవులాడుకునేవాళ్ళు. "కాసులక్కా, ఫ్యాను ఇంకా కొంచెం పెద్దది సెయ్యి" అని వెనక నుంచి కేకలు. పిల్ల తల్లులు పసివాళ్ళ పాదాలు గాలికి చాపేవాళ్ళు. పసుపు రేటు, పెళ్ళి సంబంధాలు, అత్తల మీద చాడీలు, అన్నీ నా చెవిన పడేవి. ఆ వెచ్చదనం ఎక్కడి నుంచి వస్తోందని ఒక్కరూ అడగలేదు. అడుగుతారని నేనూ అనుకోలేదు.

చీకటి పడే వేళకు అందరూ ఎవరి ఊళ్ళో వాళ్ళు దిగిపోయేవాళ్ళు. కాసులమ్మ తన ఇంటి ముందు బండి ఆపేది. ఇంజను మాత్రం ఆపేది కాదు. రెండు చేతులూ గాలికి పెట్టుకుని కూర్చునేది. ఇంట్లోకి పోతే పొయ్యి తనే రాజెయ్యాలి. ఇక్కడైతే ఎవరో తనకోసం వెచ్చబెట్టి ఉంచినట్టుంటుంది. అలా కూర్చుని మాట్లాడేది. "ఇయ్యాల సోములు పెల్లాం కడుపుతో ఉందంట తెలుసా? మొగపిల్లోడే అని ఆడి గోల. ఆ మలుపుకాడ మల్లీ రాల్లు పడిపోనాయి. నాకు మాత్రం మోకాలు నొప్పి తగ్గనేదు." ఎవరితో అంటోందో తెలియదు. చనిపోయిన మొగుడితోనో, బండితోనో. నాతోనే అనుకున్నాను నేను. అనుకుంటే తప్పేముంది? ఆ మాటలన్నీ నా ఒంట్లోంచి వేడినీళ్ళు పోతున్నప్పుడే కదా వచ్చేవి. డీజిలు దండగని మీరంటారు. అనండి. నా బతుకులో నేను ఒంటరిగా లేనిది ఆ కాసేపే.

నూకరాజు మాట పొల్లుపోలేదు. ప్రతి ఏడూ చలికి ముందు కాసులమ్మ బానెట్ ఎత్తి నన్ను నొక్కి చూసేది. మొదటేడు మెత్తగా లొంగాను. రెండో ఏడు కొంచెం బిరుసెక్కాను. మూడో చలికాలం కూడా ఎలాగో గట్టెక్కించాను. ఆ మరుసటి ఏడు ఆమె వేలికింద నా చర్మం కటకటమంది. వంపు బయటి వైపు సన్నటి పగుళ్ళు. ఆమె వాటి మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచింది.

"ఇంక నీతో అవ్వదురా" అంది. తిట్టినట్టు అనలేదు.

కిందికి వెళ్ళి, నూకరాజు తెప్పించి ఉంచిన కొత్త జంట తెచ్చింది. రెండూ మెత్తగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. నేను మూతికి అతుక్కుపోయి ఊడి రాలేదు. మెకానిక్కు కత్తితో నిలువునా చీల్చి లాగాడు. దారిలో పగిలి బండిని ఆపకుండా, సంతకెళ్ళేవాళ్ళను మళ్ళీ కొండెక్కించకుండా దిగిపోయాను. అది చాలు నాకు. కాసులమ్మ నన్ను తీసుకెళ్ళి ఇంటి వెనక పాత టైర్లు, తుప్పు పట్టిన డబ్బాలు ఉన్నచోట వేసింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఎందుకు చూడాలి? గొట్టాన్ని వెనక్కి తిరిగి చూసేవాళ్ళు ఎవరు?

ఇవాళ సంత. మంచు దట్టంగా దిగింది. చీకటి పడుతుండగా బండి వచ్చి ఇంటి ముందు ఆగిన చప్పుడు వినబడింది. ఇంజను ఆగలేదు. వెచ్చగా ఉండి ఉంటుంది లోపల. కొత్తవాళ్ళిద్దరూ బాగానే పని చేస్తున్నట్టున్నారు. ఆమె చేతులు గాలికి చాపుకుని ఏదో చెబుతూ ఉంటుంది. సోములుకు ఈసారి పిల్లాడో పిల్లో, పసుపు ఏ రేటు పలికిందో, మోకాలు ఎలా ఉందో. నేను చెవులు రిక్కించి విన్నాను. ఇక్కడికి ఇంజను చప్పుడు ఒక్కటే వస్తుంది, మాటలు వినబడవు.