రెండు మసి డబ్బాలు

క్యారేజీ మూత బిగిస్తుంటే పాప వచ్చి "ఈ..." అని పళ్ళు చూపించింది. చిగుళ్ళ చుట్టూ నల్లటి గీత.

"నాన్నమ్మ తోమింది. తెల్లగా అవుతాయంట."

అత్తయ్య గుమ్మంలో మురిపెంగా నిలబడింది. "అలమరలో ఉందిగా నీ బొగ్గుపొడి! ఎంత మెత్తగా ఉందో. డబ్బాలు జిడ్డుగా ఉంటే తోమి పెట్టాను కూడా."

అంటే నేను అంటించిన చీటీలు పోయాయి. రెండూ నారింజ తొక్కలు కాల్చి నేను చేసిన పొడులే. నీళ్ళలోని సీసాన్ని పట్టి ఉంచుకోవడం వాటి పని. ఒకటి ఇంకా వాడనిది. రెండోది సీసం కలిపిన నీళ్ళలో వేసి, వడగట్టి తెచ్చినది; ఆ విషం ఇప్పుడు దాన్లోనే ఉంది. చూపుకి రెండూ ఒకటే మసి.

ఇంటికెందుకు తెచ్చానంటే, మా ల్యాబ్‌లో ఆరబెట్టే ఓవెన్ ఒక్కటే. క్వాంటం పదార్థాల మీద పనిచేసేవాళ్ళు పగలంతా దాన్ని వదలరు. "మీ తొక్కలకేం తొందర మేడం, సాయంత్రం పెట్టుకోండి" అంటారు. తొక్కలో రీసెర్చ్ అని వెనక నవ్వుకుంటారు. సాయంత్రానికి నేను ఇంట్లో పొయ్యి ముందుండాలి. "నువ్వు కాపురం చేస్తున్నావా, కాలేజీకి కాపలా కాస్తున్నావా?" అని మా ఆయన ఒకసారి నలుగురిలో అన్నారు. అందుకే మేడ మీద ఎండబెట్టుకున్నాను. తెలిస్తే ప్రొఫెసర్ ఆ రోజే పంపించేస్తారని తెలిసీ.

"ఏ డబ్బాలోది అత్తయ్యా?"

"ఏమోనే. రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి."

పాప నోరు మళ్ళీ మళ్ళీ కడిగించాను. "మింగావా తల్లీ?"

"కొంచెమే. చప్పగా ఉంది."

మసి అంటిన పాప బ్రష్‌ని సంచిలో వేసుకున్నాను.

నలుగురం ఆసుపత్రికి వెళ్తుంటే మా ఆయన గొంతు తగ్గించి అన్నారు: "బొగ్గుపొడి అని చెప్తే చాలు. వాడనిదే అయ్యుంటుంది. లేనిపోనివి చెప్పి ఉద్యోగం పోగొట్టుకోకు." మొన్నటిదాకా మానెయ్యమన్న ఉద్యోగం! అయినా ఆ 'అయ్యుంటుంది' అన్న మాట పట్టుకుని దారంతా ఊపిరి పీల్చాను.

డాక్టరమ్మ అడగ్గానే ఆయనే చెప్పారు. "బొగ్గేనండీ."

"బొగ్గేగా, భయం లేదు" అందామె నవ్వుతూ. అందరూ లేచారు. నేనూ లేచాను. పాప నా వేలు పట్టుకుంది. తలుపువైపు లాగింది.

"కాదండీ. సీసం ఉండొచ్చు. ల్యాబ్ నుంచి నేనే తెచ్చాను."

ఆమె నవ్వు ఆగిపోయింది. మా ఆయన గోడవైపు తిరిగారు. అత్తయ్య ముఖం పాలిపోయింది. అయినా నన్ను ఒక్క మాటా అనలేదు. గాజులు పైకి తోసుకుని చెయ్యి చాపింది. "పాపకి మంచిదో కాదోనని ముందు నేనే తోముకున్నానమ్మా. నాకూ తియ్యండి రక్తం. సూది నాకు గుచ్చితే చూసి అదీ ఏడవకుండా ఉంటుంది."

"రిపోర్టు రేపు వస్తుంది. ఏ పొడో ముందే తెలిస్తే మంచిది" అంది డాక్టరమ్మ.

"రేపు చూద్దాంలే" అన్నారాయన.

మా ల్యాబ్‌లో ఆ బ్రష్‌కి అంటిన మసి పెడితే గంటలో తెలుస్తుంది. ఫోన్ తీశాను. ప్రొఫెసర్ ఎత్తారు. చేసిందంతా చెప్పాను.

"సార్, తర్వాత మీ ఇష్టం. ఇప్పుడు మాత్రం సీసం కొలిచే మిషన్ నాకు కావాలి. మిగతావాళ్ళని ఆగమనండి."