టోబ్రుక్‌లో మగ్గెడు నీళ్లు

బొంబాయి రోడ్డు మీద ఖాదర్ హోటల్లో చాయ్ కంటే ముందు నీళ్లొచ్చేవి. ఎండనబడి వచ్చినవాడు ఎవరైనా సరే, గ్లాసు నిండా తాగించనిదే ఖాదర్ మాట కలపడు. దాని వెనక కథ జహీరాబాదంతటికీ తెలుసు. పెద్ద లడాయిలో టోబ్రుక్ అనే ఎడారి ఊళ్లో ఆయన నీళ్ల లారీ నడిపాడట. దాహంతో పడిపోయిన తెల్ల సిపాయికి తన వంతు నీళ్లు పోసి బతికించాడట. 'అట' అని నేను ఊరికే అనడం లేదు.

అరవై నాలుగు ఎండాకాలంలో డ్రైవర్ ప్రకాశం ఒక నెరిసిన తల ఇంజనీరు దొరను వెంటబెట్టుకొచ్చాడు.

"ఖాదర్ భాయ్, ఈ సార్‌ది చెకోస్లోవేకియా. హిట్లర్ వీళ్ల దేశాన్ని మింగితే, పరాయి గడ్డ మీద కొట్లాడన్న విడిపించుకుందామని ఇల్లు ఇడిసిపోయిన్రంట. ఈయన గూడ టోబ్రుక్‌ల ఉన్నడు! నీ ముచ్చట చెప్పిన."

దొర టోపీ తీసి, ఖాదర్ రెండు చేతులూ పట్టుకుని ఏదో అన్నాడు. ఆయన కళ్లు చెమర్చాయి.

"మావోళ్లకు నీళ్లిచ్చిన చేతులు ఇవేనా అంటున్నడు," అన్నాడు ప్రకాశం.

చాయ్ తాగేవాళ్లందరూ గర్వంగా చూశారు. ఖాదర్ మాత్రం తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. నోరు విప్పితే ఇరవై ఏళ్ల పరువు మంట గలుస్తుంది. విప్పకపోతే ఈ దొర కన్నీళ్లు కూడా దొంగిలించినట్టే.

"ఉల్టా చెప్పిన, సాబ్," అన్నాడు. "నీళ్లిచ్చింది ఆ తెల్ల సిపాయే. లారీ నడిపేది నేనే గని, నాకు గూడ కొలిచే ఇచ్చేటోళ్లు. నమాజుకు ముందు వజూకు నీళ్లు లేకుంటే మట్టితోని చేతులు, ముఖం తుడుచుకున్నా మా దీన్‌ల చెల్లుతది. నేను గట్ల ఇసుకతోని తుడుచుకుంటుంటే ఆ సిపాయి చూసిండు. పాపం, దేవునికి మొక్కేతందుకు గూడ నీళ్లు లేవనుకున్నడు. తన మగ్గు నాకిచ్చిండు. ఇసుక చాలని చెప్పొచ్చు. చెప్పలే. లారీ ఎనకకు పోయి తాగిన. నాలుగు రోజులు తెచ్చిండు, నాలుగు రోజులు తాగిన. ఐదో నాడు ఆయనే పడిపోతే మోసుకపోయిన్రు."

ప్రకాశం తల దించుకుని, తడబడుతూ దొరకు ఇంగ్లీషులో చెప్పాడు. ఆ తర్వాత దొర అడిగినవి కూడా ఒక్కొక్కటే ఖాదర్‌కు చెప్పాడు.

"ఆయన పేరేందని అడుగుతున్నడు."

"అడగలే."

"నిన్నేమన్నా అడిగిండా అంటున్నడు."

"భుజం మీద దేశం పేరున్న పట్టీ చూపెట్టి, ఆకాశం దిక్కు చూపెట్టిండు. హిట్లర్ మింగిన తన దేశం కోసం దువా చెయ్యమని."

"చేసినవా?"

ఖాదర్ తల అడ్డంగా ఊపాడు. "నీళ్లు తాగి పండుకున్న."

అప్పటిదాకా పట్టుకున్న చేతులను దొర వదిలేశాడు. తిట్టినా బాగుండేది. టోపీ పెట్టుకుని కారెక్కాడు. ఆయన కోసం పెట్టిన నీళ్లు బల్ల మీద అట్లాగే ఉండిపోయాయి.

మసీదు నుంచి అజాన్ వినిపించింది. ఖాదర్ వంగి అరచేతులు మట్టికి ఆనించాడు. నిండు కుండ పక్కనుండగా మట్టి చెల్లదని ఆయనకు తెలుసు. లేచి, దొర ముట్టని గ్లాసు అందుకుని ఆ నీళ్లతోనే వజూ చేసుకున్నాడు. నమాజయ్యాక దువాకు చేతులెత్తి, ఇవాళే విన్న ఆ దేశం పేరు కష్టపడి పలికాడు. ఆ సిపాయి కోసం కూడా అడగబోయాడు. ఏ పేరుతో అడగాలో తెలియక, చేతులు చాచి అట్లాగే కూర్చున్నాడు.