ఒకటిన్నరా, ఒకటి ముప్పావా

"ఒకటిన్నరా, ఒకటి ముప్పావా? త్వరగా చెప్పు, మెకానిక్ ఆర్డర్ పెట్టాలట."

ఆరిన బట్టలు మంచం నిండా కుమ్మరించుకుని, జత దొరకని సాక్సులతో కుస్తీ పడుతున్నాను. మావారు గుమ్మంలో నిలబడి, ఫోన్లోంచి తలెత్తకుండా అడిగాడు. అడగడమంటే అడగడమే, పక్కన కూర్చుని ఒక్క తువ్వాలు మడత పెట్టడం కాదు. ఆయనగారి ఎర్ర కారుకి కొత్త హెడర్ వేయిస్తున్నాడు. ఇంజన్లోంచి పొగని బయటికి తెచ్చే గొట్టాల గుత్తిని హెడర్ అంటారు. ఆ గొట్టాల లావు ఒకటిన్నర అంగుళమా, ఒకటి ముప్పావా అన్నది ఈ ఆదివారం మా ఇంటికొచ్చిన ధర్మసందేహం.

నన్నెందుకు అడగడమంటే, పాప పుట్టకముందు నా ఉద్యోగమే అది. ఇంజన్లని పరీక్షించే గదిలో పనిచేసేదాన్ని. ఇంజన్‌ని దిమ్మకి బిగించి, గొట్టాలు మార్చి మార్చి, ఏ వేగంలో ఎంత లాగుతుందో చూసేదాన్ని. చెవులు మూసుకున్నా ఆ మోత గుండెల్లో తెలిసేది. అబ్బ, ఎంత బాగుండేదో! ఇంటికొస్తే అత్తయ్య, "ఆడపిల్లవి, ఒంటి మీద ఆ ఆయిలు కంపేమిటమ్మా?" అనేది. అదే కంపు కొడుకు మీదుంటే, "పాపం, ఎంత కష్టపడి వచ్చాడో" అనేది.

ఆ గదిని నడిపే మేడమ్ మొన్న ఫోన్ చేసింది. నా కుర్చీ ఖాళీ అయిందట. "నీకే ఇవ్వాలనుంది. ఆదివారం చేస్తాను, అవునో కాదో చెప్పెయ్. తర్వాత నా చేతుల్లో ఉండదు" అంది. ఇంట్లో చెప్పాను. "చూద్దాంలే" అన్నారు తల్లీకొడుకులు. ఇవాళ ఆదివారం. ఇంకా చూస్తూనే ఉన్నారు.

"ఒకటిన్నర" అన్నాను.

"అదేంటి, సన్నది కదా! రేపు క్యామ్ మారుస్తాం, ఎల్లుండి టర్బో పెడతాం. అప్పుడు ఊపిరాడదు దానికి."

"ఎప్పుడండీ ఆ టర్బో?"

"పెడతాం."

ఇంజన్ బలం పెంచే ఆ క్యామ్‌నీ, టర్బోనీ పెళ్ళికి ముందు నుంచీ పెడుతూనే ఉన్నాడు. ఓపిగ్గా చెప్పాను. నీళ్ళ పైపు మూతికి వేలు అడ్డం పెడితే నీళ్ళు జోరుగా చిమ్ముతాయి కదా, పొగ కూడా అంతే, గొట్టం సరిగ్గా సరిపోతే జోరుగా పోతూ వెనక పొగని తనతో లాక్కుపోతుంది. ఉన్న ఇంజన్‌కి లావు గొట్టం పెడితే పొగ తీరిగ్గా పోతుంది. కారు ఖాళీ రోడ్డు మీద ఎగురుతుందేమో గానీ, సిగ్నల్ దగ్గర కదలమంటే మొరాయిస్తుంది. ఆ సిగ్నళ్ళలో ఉండేది నేను. ఆయన ఆఫీసు బండిలో పోతాడు. పాపని స్కూల్లో దింపేదీ, అత్తయ్యని మోకాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేదీ ఆ రెండు సీట్ల ఎర్ర కారులో నేనే. "ఇందులో కూర్చోడం నా వల్లవుతుంది, లేవడం దేవుడి దయ" అంటుంది అత్తయ్య. ఆ ఒక్క విషయంలో ఆవిడా నేనూ ఒకటే పార్టీ.

"నీకెప్పుడూ ఇవాళే కనిపిస్తుందోయ్" అన్నాడు మావారు. "ఇప్పుడెలా ఉందన్నది కాదు, రేపు ఏమవ్వగలదో చూసి పెట్టాలి. అంతవరకూ కాస్త ఇబ్బంది పడితే పోయేదేముంది?"

నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకు భలే నచ్చింది. ఆ మాట పట్టుకునే ధైర్యం చేశాను. "మరి నా ఉద్యోగం? అక్కడ నేనూ ఏదో ఒకటి అవ్వగలను కదండీ. కొన్నాళ్ళు మనం కాస్త ఇబ్బంది పడితే..."

"ఎక్కడి మాట ఎక్కడ తెస్తావ్! ఉన్న పరిస్థితి చూసుకోవద్దూ? పాప చిన్నది. అమ్మ అలా ఉంది. ఊహల్లో బతికితే ఇల్లు నడుస్తుందా?"

చేతిలో సాక్సు అలాగే ఉండిపోయింది. ఇనుముకేమో రేపు, నాకేమో ఇవాళ! రాని టర్బో కోసం ఇల్లంతా ఇబ్బంది పడొచ్చు. వచ్చి గుమ్మంలో నిలబడ్డ ఉద్యోగం కోసం ఒక పూట ఎవరి కంచం వాళ్ళు కడుక్కోలేరు. ఆయన చెడ్డవాడేం కాదు. చెయ్యెత్తడు, గొంతెత్తడు. చెడ్డవాడైతే ఎదురు తిరగడానికి నాకో దారి దొరికేదేమో. ఆ కారుకున్నపాటి భవిష్యత్తు కూడా ఈ ఇంట్లో నాకు లేదని అప్పుడు అర్థమైంది.

"మేమెందుకు వద్దంటామమ్మా, నీ ఇష్టం" అంది హాల్లోంచి అత్తయ్య. "నా సంగతంటావా, డేక్కుంటూ అయినా ఎలాగో వెళ్ళదీస్తాను."

ఫోన్ మోగింది. మేడమ్. మావారు దగ్గరికొచ్చి మెల్లిగా అన్నాడు: "పాప కోసం నేనే వద్దనుకున్నానని చెప్పు. మేమేదో ఆపినట్టు చెప్తే బాగుండదు."

అలాగే చెప్పాను. పాప కోసం నేనే వద్దనుకున్నాను మేడమ్.

"నిజంగా నీ నిర్ణయమేనా?"

"అవును మేడమ్."

ఆవిడ, "నువ్వు కొలత చెబితే ఇక్కడ ఎవరూ మళ్ళీ కొలిచేవాళ్ళు కాదు, తెలుసా?" అని ఫోన్ పెట్టేసింది.

ఏడుపు ముంచుకొచ్చింది. మంచం నిండా బట్టలున్నాయి, పడి ఏడవడానికి చోటు లేదు. తువ్వాళ్ళు ఒకవైపు, పాప గౌన్లు ఒకవైపు పెట్టాను. ఆయన చొక్కాలు హ్యాంగర్లకి తగిలించాను.

మావారు మళ్ళీ వచ్చాడు. మొహంలో కాస్త జాలి, బోలెడు తేలిక. ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, "మెకానిక్ లైన్లో ఉన్నాడు. సరేలే, నీకు తెలిసినంత నాకు తెలీదు. నువ్వు ఏది చెబితే అదే వేయిస్తా" అన్నాడు.

ఇక ప్రతి సిగ్నల్ దగ్గరా మొరాయించే ఆ కారుని ఈడ్చుకు తిరగాల్సింది నేనేనని తెలుసు.

"ఒకటి ముప్పావు" అన్నాను.

తెలిసి తెలిసి తప్పు కొలత చెప్పడం నాకదే మొదటిసారి. అంత కష్టంగా ఏమీ లేదు.