లోపలి గడియ

తాళం పడిన ప్రతిసారీ కోడలి గుండెల్లో రాయి పడ్డట్టుండేది. అత్తగారు బజారుకెళ్తూ బయట తాళమేసేది. లోపల తనూ, ఎనిమిది నెలల పిల్లా. అత్తగారిది చెడ్డ బుద్ధేమీ కాదు. కాన్పయిన నెలకే కోడలికి కుడిచెయ్యి పడిపోయింది. ఆ తలుపేమో మొండిది. ఒక చేత్తో పిడి పట్టి లోపలికి లాగి ఉంచితేనే రెండో చేత్తో గడియ జరుగుతుంది. గడియ లేకపోతే ఎవడైనా చొరబడతాడని అత్తగారి భయం. తాళముంటే, ఏ నిప్పో అంటుకున్నప్పుడు పిల్లనెత్తుకుని ఎటు పోవాలని కోడలి భయం.

చేతికి మళ్లీ పనులు నేర్పే థెరపిస్టు వారానికి రెండుసార్లు వచ్చేది. ఇంట్లో ఆమెను చేతిపంతులమ్మ అనేవాళ్లు. ముందుగా ఏ పని రావాలని అడిగింది. జడ అంటుందనో, అన్నం తినడం అంటుందనో అనుకుంది. కోడలు తలుపు వంక చూసింది.

"గడియ వెయ్యాలండీ."

పంతులమ్మ ఆమె ఎడమచేతికి మందపాటి తొడుగు కట్టింది. ఇక గ్లాసు పట్టాలన్నా, తడిబట్ట పిండాలన్నా కుడిచెయ్యే దిక్కు. పంతులమ్మ అటు వెళ్లగానే అత్తగారు తొడుగు ఊడదీసి, నేనుండగా నీకీ అవస్థేంటని ముద్దలు పెట్టేది. సంగతి తెలిసి పంతులమ్మ ఓ రోజు ఆ తొడుగుతో అత్తగారి రెండు చేతులూ కలిపి కట్టి కూర్చోబెట్టింది. కాసేపటికి ఆవిడకి ముక్కు దురద పెట్టింది. కోడలు గోకబోతే మొహం పక్కకు తిప్పేసుకుంది. ఆ తర్వాత తొడుగు జోలికి పోలేదు.

మూడు నెలలకి ఒక పొద్దున, అత్తగారు తాళం పట్టుకుని గడప బయట నిలబడింది. కోడలు కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే పిడి చుట్టూ మడిచి లాగింది. జారింది. చెమటకి మళ్లీ జారింది. మూడోసారి, మోచెయ్యి వణుకుతుండగానే ఎడమచేత్తో గడియ తోసింది. టక్కున పడింది.

బయట అత్తగారు తలుపు లాగి చూసింది. రాలేదు.

"పడిందమ్మాయ్. మరి తియ్యగలవా?"

కోడలు గడియ వంక చూసింది. ఇన్నాళ్లూ గడియ పడితే చాలనుకున్నారు గాని, తియ్యాలన్న ఊసే ఎవరూ ఎత్తలేదు. మళ్లీ పిడి పట్టబోతే వేళ్లు మడత పడలేదు. పిల్ల లేచి ఏడుపందుకుంది. చేతిలో తాళంచెవులుండీ అత్తగారు చేసేదేమీ లేదు. బజారుకి పోనని, ఇక్కడే ఉంటానని అంది.

కోడలు పిల్లని ఎడమచేత్తో పొదువుకుని తలుపుకి చేరబడి కూర్చుంది. కుడిచేతి వేళ్లు తొడ మీద ఒక్కొక్కటే చాపి, మడిచింది.

"వెళ్లి రండి అత్తయ్యా. మీరొచ్చి తలుపు కొట్టేసరికి తీస్తా."

అడుగులు వెంటనే కదల్లేదు. తర్వాత మెల్లగా మెట్లు దిగాయి, తాళంచెవులు గలగలమంటూ.