అరగంట గడువు

సెట్టింగుల దస్త్రాన్ని సగం దాకా చదివి, ఆమె కళ్ళజోడు తీసి, రుమాలుతో తుడిచి, మళ్ళీ మొదలుపెట్టింది. చదవడం పూర్తయ్యేదాకా కాఫీ ముట్టదు. అది చల్లారిపోతే చల్లగానే తాగుతుంది.

ఆసుపత్రి డయాలిసిస్ విభాగంలో ఏ మంచం ఏ వేళకు ఏ రోగిదో రూబీ అనే కంప్యూటరు భాషలో రాసిన ప్రోగ్రాం నిర్ణయిస్తుంది. దాన్ని రాసినవారు రాసి వెళ్ళిపోయారు. గుర్తుచేసే సందేశం ఎప్పుడు వెళ్ళాలి, సమాచారం ఎక్కడ భద్రపరచాలి వంటి విలువలను ప్రోగ్రాంలో కలిసిపోకుండా విడిగా నిలిపి కాపాడుతున్నది ఆమె. ప్రతి విలువ పక్కనా అదెందుకున్నదో ఒక వాక్యం రాసింది. ఏ విలువ లోపించినా ప్రోగ్రాం ఊహించుకుని ముందుకు పోదు; మొదట్లోనే ఆగి, ఏది లేదో పేరుపెట్టి చెబుతుంది. ఒక యంత్రానికి ఆ మాత్రం నిజాయితీ నేర్పానని ఆమెకు గర్వం. ఆఫీసులో ఆమెను ‘సెట్టింగులమ్మ’ అంటారు. ఎదుటే అంటారు.

భర్త పోయాక, టైపిస్టు ఉద్యోగం ఊడిపోయే రోజుల్లో, తమ్ముడి పక్కన కూర్చుని ఈ విద్య నేర్చుకుంది. “నీకిది కొత్తేం కాదక్కా! ఉప్పు డబ్బాకీ, పంచదార డబ్బాకీ చీటీలు అతికించి మమ్మల్ని చంపావుగా!” అని వాడు నవ్వేవాడు. ఆ చీటీల చాదస్తమే ఆమె కూతురిని చదివించింది.

“అమ్మా, ఇవాళ రిటైరై వెళ్ళేలోపు ఒక్క చిన్న పని,” అంటూ మేనేజరు వచ్చి బల్లకు ఆనుకుని నిలబడ్డాడు. “ఆలస్యంగా వచ్చేవాళ్ళ కోసం మంచం అరగంట ఆపుతున్నాం కదా. పది నిమిషాలు చేసేయండి. ప్రోగ్రాం ముట్టుకోనక్కర్లేదు కూడా.”

“ముట్టుకోనక్కర్లేదనే నా భయం, బాబూ.”

“ఖాళీ మంచాలకు పైవాళ్ళు నన్ను నిలదీస్తున్నారండీ. మీరు కాదంటే మీ స్థానంలోకి వచ్చే కొత్త ఇంజనీరు మార్చేస్తుంది.”

అతను చెప్పింది నిజం. ఆ విలువ ఒక్కటే ఆమె దస్త్రంలోకి రాకుండా ఇంకా సర్వరు మీద ఉంది. దాని పాస్‌వర్డు తెలిసినవారెవరైనా క్షణంలో మార్చవచ్చు. ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో ఎక్కడా మిగలదు.

మధ్యాహ్నం ఆమె భోజనానికి పోకుండా డయాలిసిస్ హాలుకు వెళ్ళింది. రెండు బస్సులు మారి వచ్చే దర్జీ ఆవిడ, తన వేళ దాటిన ఇరవై నిమిషాలకు, అప్పుడే తలుపు నెట్టుకుని లోపలికి వచ్చింది. ముఖం ఉబ్బి ఉంది. చెప్పుల అంచులు పాదాల్లోకి దిగిపోయి ఉన్నాయి.

“బస్సు ఎంతకీ రాలేదమ్మా... మంచం పోయిందా?”

“నీ మంచం ఎక్కడికీ పోలేదులే. కూర్చో, ఆయాసం తీరనీ,” అంది నర్సు.

సెట్టింగులమ్మ అక్కడినుంచి నేరుగా పెద్ద డాక్టరమ్మ గదికి నడిచింది. మేనేజరునూ పిలిపించింది. చాటుమాటు వ్యవహారం ఆమెకు చేతకాదు.

విషయం విని డాక్టరమ్మ కాగితాలు పక్కకు నెట్టింది. “రోగి కోసం ఎంతసేపు ఆగాలన్నది నేను చెప్పాల్సిన మాట కాదూ? నన్నెవరూ అడగలేదేం?”

“అడిగే దారి లేకపోయిందండీ. ఇవాళ వేస్తాను,” అంది ఆమె.

మేనేజరు కిటికీ వైపు చూశాడు. “కానివ్వండి,” అన్నాడు.

మిగిలిన మధ్యాహ్నమంతా ఆమె ఆ దారి వేసింది. గడువును సర్వరు నుంచి తీసి అందరికీ కనిపించే దస్త్రంలో పెట్టింది. డాక్టరమ్మ అనుమతి లేనిదే అందులో ఏ మార్పూ అమలుకు రాకుండా కట్టుదిట్టం చేసింది. విలువ అరగంట కంటే తగ్గితే కొత్త మార్పు మొదలుకాకుండానే ఆగి, పాతదే నడిచేలా రాసింది. పరీక్షల కోసం ఉంచిన కంప్యూటరు ముందు మేనేజరును కూర్చోబెట్టి, “మీరే పది వేసి చూడండి,” అంది.

అతను వేశాడు. తెర మీద వాక్యం నిలిచింది: ‘ఈ గడువు రోగులది. తగ్గించాలంటే వైద్యురాలిని అడగండి.’

“నా పేరు కూడా రాసేశారేమో అనుకున్నా!” అతను చెవి గోక్కుంటూ నవ్వాడు. “పైవాళ్ళు అడిగితే ఇదే చూపిస్తా. నాకూ ఆనుకోవడానికి ఓ గోడ దొరికింది.”

“మీ ఒక్కరి కోసం రాయలేదు బాబూ. మీ తరువాత వచ్చేవాళ్ళు కూడా చదువుకోవాలి.”

సాయంత్రం, పని అప్పగించుకోవడానికి కొత్త ఇంజనీరు వచ్చింది. పాస్‌వర్డుల దస్త్రానికి తాళం మార్చమని ఆమెకు చెప్పి, సెట్టింగులమ్మ గోడ వైపు తిరిగి నిలబడింది.

“మీరు చూస్తే ఏమవుతుంది పిన్నిగారూ?”

“రేపటి నుంచి నేను బయటి మనిషిని. బయటి మనిషి చూడకూడదు. కానీయ్.”

తాళం మారింది. ఆమె తన పాత తాళంతో ఒకసారి ప్రయత్నించింది, తెరుచుకోలేదు. తృప్తిగా తల ఆడించి, గుర్తింపు కార్డు బల్ల మీద పెట్టి, వీడ్కోలు ప్రసంగాలు ఎవరికీ తోచకముందే మెట్లు దిగి వెళ్ళిపోయింది.

కొత్త ఇంజనీరు కుర్చీ ముందుకు జరుపుకోబోతే కాలికి ఏదో తగిలింది. వంగి చూసింది. పొడవాటి మనుషుల కొలతకు చేసిన ఆ కుర్చీలో నేల అందని తన పాదాల కోసం సెట్టింగులమ్మ వడ్రంగి చేత చేయించుకున్న చిన్న చెక్కపీట. దాని మీద రెండు మడమల చోట నునుపుగా అరిగిన రెండు గుంటలు.