సగం దిగిన ఊరు

స్లివెన్ పట్నంలోని ఆ పేటలో ఇంటర్నెట్ మొరాయిస్తే ఎవరూ కంపెనీకి ఫోన్ చెయ్యరు. రుమెన్‌ని కేకేస్తారు. ఇంటింటికీ తీగ లాగినవాడు అతనే మరి. కుర్రతనంలో మేడ మీంచి మేడ మీదికి కేబుల్ విసురుతూ, పోలీసులొస్తే దాక్కుంటూ, పేట మొత్తాన్నీ ఒక్క ముడిలో కట్టాడు. కిందటి వేసవిలో రాజధాని సోఫియా నుంచి ఒక పెద్ద కంపెనీ వచ్చి ఆ తీగల్ని కొనేసింది. తీగలతో పాటు రుమెన్‌ని కూడా కొనేసిందని జనం వేళాకోళం చేస్తారు. మెడలో కంపెనీ బిళ్ళ వేలాడేసుకుని తిరిగే రుమెన్ ఆ మాటకి నవ్వి ఊరుకుంటాడు.

కంపెనీ వస్తూనే చేసిన ఘనకార్యం ఏమిటంటే, తీగలన్నీ వచ్చి కలిసే గదిలో ఒక బూడిదరంగు పెట్టె పెట్టడం. పేటలో జనం సినిమాలూ పాటలూ టొరెంట్ల మీద, అంటే ఫైలుని ముక్కలు ముక్కలుగా, ఒకరి దగ్గర్నుంచి ఒకరు తీసుకుంటారు. అది ఆ పెట్టెకి గిట్టదు. ఉత్తరాలు రానిస్తుంది, వార్తలు రానిస్తుంది, ఇరుగుపొరుగు ఇచ్చిపుచ్చుకోవడం కనిపిస్తే మాత్రం గొంతు నొక్కేస్తుంది. పక్కింటికి పంపిన పాట కూడా ఆ పెట్టె దాటి వెళ్ళాల్సిందే. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో కూడా కంపెనీయే నేర్పింది: మా వైపు అంతా బాగానే ఉంది, లోపం మీ కంప్యూటర్లో ఉంది. శీతాకాలమంతా రుమెన్ గుమ్మం గుమ్మానికీ తిరిగి ఈ పాఠం అప్పజెప్పాడు. ఉద్యోగం కదా అని సర్దుకునేవాడు.

సర్దుకోవడం ఆదివారాలు మాత్రం చేతనయ్యేది కాదు. దాక్కోవడానికి ఆఫీసు ఉండదు. ఆ మార్చి ఆదివారం కూడా పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ వంటింటికీ బాల్కనీకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ, పొట్టు గుప్పిట్లోనే పట్టుకుని, ఎక్కడ పారెయ్యాలో మర్చిపోతున్నాడు. ఇంతలో తలుపు దబదబా మోగింది.

"ఒరే రుమెన్! లోపలున్నావని తెలుసులే, బూట్లు ఇక్కడే ఏడిశాయి. తీస్తావా, బద్దలుకొట్టనా?"

స్తానా పిన్ని. ఆ మెట్లదారిలో ఉన్న ఫ్లాట్లన్నిటికీ పెద్ద ఆవిడే. బల్బు మార్చాలన్నా, ఎవరైనా పోతే వీధి తలుపు మీద చావు కబురు కాగితం అంటించాలన్నా ఆవిడ చెయ్యి పడాల్సిందే. రుమెన్ తలుపు తీశాడు.

"పై అంతస్తు లూబెన్ మామ కంటి డాక్టర్ దగ్గరికెళ్ళొచ్చాడు," అంది, లోపలికి కూడా రాకుండానే. "ఓ కన్ను ఎప్పుడో పోయింది కదా, రెండోది కూడా వేసవిదాకా ఉండదన్నార్ట. ఇప్పుడే నడిమధ్యన నల్లటి మచ్చట, ఓరకంట చూస్తేగానీ మనిషి ఆనట్లేదు. ఆ సినిమా ఏమైందిరా? మీ కంపెనీ దాన్ని గాడిద మీద మోసుకొస్తోందా?"

"మా వైపు అంతా బాగానే ఉంది పిన్నీ, లోపం..."

"నోర్ముయ్. నా దగ్గరా ఆ పాఠం? నీ ముక్కు తుడిచినదాన్నిరా నేను!"

ఆ సినిమా సంగతి మేడలో తెలియనివాళ్ళు లేరు. అక్కడ ఉండేవాళ్ళలో సగం మంది రవ్నిష్తె ఊరివాళ్ళు. ఆనకట్ట కట్టి ఊరిని ముంచినప్పుడు సర్కారు వాళ్ళకి ఇక్కడ ఫ్లాట్లిచ్చింది. ముంచేముందు జరిగిన ఆఖరి జాతరని బడిపంతులు తన చిన్న కెమెరాతో తీసిపెట్టాడు. ఆయన కూతురు ఈమధ్య దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, టొరెంట్‌గా పెట్టి, ఊరివాళ్ళందరికీ కబురు చేసింది. శరదృతువులో ద్రాక్ష కోతలయ్యేదాకా తన కంప్యూటర్ ఆపకుండా ఉంచింది పాపం. ఆ తర్వాత దాన్ని అమ్మేసి స్పెయిన్‌లో పనికి వెళ్ళిపోయింది. అసలు రీలు అప్పటికే జిగురుపట్టి చెత్తలోకి పోయింది. మధ్యలో బూడిదరంగు పెట్టె పనిలోకి దిగడంతో సినిమా ఎవరికీ పూర్తిగా దిగలేదు. తలా కొన్ని ముక్కలు దక్కాయి. ఒకరి ముక్కలు ఇంకొకరికి అందితే ఊరు ఊరంతా వస్తుంది. అందనిచ్చేదెవరు?

లూబెన్ తాతకి ఆ సినిమాలో కావలసింది ఒక్కటే, భార్య దోనా. ఇక్కడికొచ్చిన రెండో ఏడే ఆవిడ పోయింది. ఫోటోలున్నాయి. కానీ ఫోటోల్లో అందరూ బిగుసుకుని నిలబడతారు, దోనా ఒకచోట నిలబడే మనిషి కాదు అంటాడు తాత. జాతరలో చేతులు పట్టుకుని వరసగా హోరో ఆడుతుంటే పంతులు కెమెరా తిప్పడం, ఆ వరస చివర్న దోనా ఉండడం ఆయనకి కళ్ళకి కట్టినట్టు గుర్తు. చూపు పోయేలోగా ఆవిడ నాలుగడుగులు వెయ్యడం చూడాలి. అంతకు మించి ఆయనకి ఆశల్లేవు.

సినిమా కదలడం లేదని జనవరిలో ఆయన పిలిస్తే రుమెన్ వెళ్ళి పాఠం అప్పజెప్పి వచ్చాడు. ఉత్తినే రాలేదు. లోపం కంప్యూటర్లో ఉందన్నాక ఏదో ఒకటి బాగుచేసినట్టు కనబడాలి కదా! డిస్కంతా తుడిచేసి విండోస్ మళ్ళీ ఎక్కించాడు. కంప్యూటర్‌కి ఏ జబ్బు చేసినా అక్కడ అదే మందు. తాత ఫోటోలు మాత్రం జాగ్రత్తగా దాచి తిరిగి పెట్టాడు. పెద్దాయన చేతులు పట్టుకుని దీవించి, రాకియా సారా పోసి, సంచీ నిండా అక్రోట్లిచ్చి పంపాడు. ఆ సంచీని రుమెన్ ఇంతవరకూ విప్పలేదు.

"గంటలో వస్తానని చెప్పు తాతకి," అన్నాడు ఇప్పుడు స్తానాతో.

తలుపేసి తన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తీగలు పరీక్షించడానికని ఒకటీ అరా లైన్లని ఆ పెట్టె కంట పడకుండా తప్పించే వీలు అతనికి ఇచ్చారు. తాత లైను అందులో చేర్చేశాడు. సోఫియాలో ఎవరైనా చూస్తే చీవాట్లు తప్పవు, ఉద్యోగమే పోయినా పోతుంది. చూస్తే చూడనీ అనుకున్నాడు. చాన్నాళ్ళకి ఒక మంచిపని చేసినట్టు అనిపించి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ పైకి పరిగెత్తాడు.

"రుమెన్‌వేనా? అలా ఎదురుగా నిలబడకు అబ్బాయ్, కనిపించవు. ఈ పక్కకి రా," అన్నాడు లూబెన్ తాత. మొహం కిటికీ వైపు తిప్పి మాట్లాడుతున్నాడు. మనిషిని చూడాలంటే ఆయనకిప్పుడు అదే దారి. రుమెన్‌కి మాత్రం ఆయన తనని చూడ్డం ఇష్టంలేక అలా తిరిగినట్టు తోచింది.

టొరెంట్ తెరిచారు. ఇద్దరూ కూర్చున్నారు. ఏమీ కదల్లేదు. రుమెన్ తీగ పీకి మళ్ళీ పెట్టాడు, లేచాడు, కూర్చున్నాడు, మోకాలు ఆడించాడు.

"కుదురుగా కూచోరా, బల్ల ఊగుతోంది," అన్నాడు తాత. "ఏవిటి, వస్తోందా?"

"వస్తుంది తాతా. వస్తుంది."

ఎక్కణ్ణుంచి వస్తుంది? అప్పుడు వెలిగింది అతని బుర్రకి. తాత ఇంటి తీగని గొట్టమనుకుంటే, దాన్ని తను విప్పాడు సరే, అందులో నీళ్ళు పొయ్యాల్సింది స్తానా పిన్నీ, కింది అంతస్తులో ఉండే బస్సు డ్రైవరు దించ్యో, ఇంకా ఆ ఊరివాళ్ళు. వాళ్ళ గొట్టాలన్నీ నొక్కే ఉన్నాయి! ఒక్కడికి రహస్యంగా సందిచ్చి పుణ్యం కట్టుకుందామనుకోవడం కంపెనీ బుద్ధి. సరుకు పైనుంచి కిందికి దిగుతుందని వాళ్ళ లెక్క. ఇక్కడ ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ ఒకళ్ళే. ఈ పేటలో పుట్టి, ఈ తీగలు తనే లాగి, ఆ మాత్రం మర్చిపోయినందుకు రుమెన్‌కి తనమీద తనకే అసహ్యం వేసింది. పేటంతా విప్పే తాళం సోఫియాలో ఉంది. వాళ్ళు చస్తే ఇవ్వరు.

మెట్ల దగ్గరికెళ్ళి కిందికి వంగి అరిచాడు. "పిన్నీ! రవ్నిష్తె వాళ్ళందర్నీ కంప్యూటర్లు మోసుకుని కిందికి రమ్మను! బట్టలుతికే గదిలోకి!"

"తాగావా పొద్దున్నే?"

"లేదు పిన్నీ. కంపెనీ తీగ మనకొద్దు. తీగ నేను తెస్తా."

"నాది కదిపితే మళ్ళీ పెట్టడం మా ఇంట్లో ఎవడికీ రాదురోయ్!"

"నేను పెడతా. నీ కాళ్ళకి దణ్ణం పెడతా, తీసుకురా!"

ఆ ఊరేగింపు చూసితీరాలి. దించ్యో మానిటర్ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని దిగాడు. ఒకావిడ కంప్యూటర్ పెట్టెని దుప్పట్లో చుట్టి తెచ్చింది. మౌసు మర్చిపోయినవాళ్ళూ, మెట్ల మీద తీగ తొక్కి తిట్టుకున్నవాళ్ళూ, ముంజేతులకి మార్చి నెలలో శుభానికి కట్టుకునే ఎరుపు తెలుపు దారాలతో అందరూ వచ్చారు. స్తానా ఆఖర్న, వాళ్ళాయన నెత్తిన కంప్యూటరు పెట్టించి, తను జున్ను పెట్టి కాల్చిన బనిత్సా పళ్ళెంతో దిగింది. పనికిరాని తొట్ల మీద బల్లలు పరిచి, రుమెన్ అన్నిటినీ ఒక పాత నెట్‌వర్క్ డబ్బాకి తీగలతో కలిపాడు. మీట నొక్కాడు.

ముక్కలు ఒక తెర నుంచి ఇంకో తెరకి పరిగెత్తాయి. శరదృతువు నుంచీ కదలని అంకెలు బనిత్సా పంచేలోగా ఎగబాకాయి. జనం చప్పట్లు కొట్టారు. "మరి మీ కంపెనీ లోపం మా కంప్యూటర్లలో ఉందందేరా?" అని దించ్యో అతని వీపు మీద చరిచాడు. రుమెన్ నవ్వబోయాడు. అంతలో అంకెలు ఆగిపోయాయి, అన్ని తెరల మీదా ఒకే చోట. ఎంత దిగిందో చూపే నీలం పట్టీ నడుమ సన్నటి తెల్లటి ఖాళీ.

"ఎవరైనా రాలేదా పిన్నీ?"

"అందరూ వచ్చారు. ఉన్నదే ఇంతమంది."

ఎవరి దగ్గరా లేని ముక్క. ఒకప్పుడు ఎవరి దగ్గరో ఉండే ఉండాలి. పంతులు కూతురు కబురు పెట్టగానే అందరికంటే ముందు కలిపింది తాతే. రాత్రీపగలూ కంప్యూటర్ ఆపకుండా కాపలా కాసింది తాతే. మరి జనవరిలో ఫోటోలు దాచిన రుమెన్ ఈ సినిమాని దాచలేదు. సగం దిగిన ఫైలంటే చెత్త కిందే లెక్క అతని వృత్తిలో, తుడిచేటప్పుడు రెండోసారి చూడరు. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

"ఉన్నంతే వెయ్యరా, చూద్దాం," అన్నారెవరో.

వేశాడు. చప్పుడు లేని సినిమా. గుడి ముందు గొర్రెలు, బడి మెట్లు, మేళగాళ్ళు. "అదిగో మా నాన్న!", "అయ్యో, మా బేరిపళ్ళ చెట్టు!" అని గదిలో ఒకటే గోల. లూబెన్ తాత తెరకి ఆనుకున్నంత దగ్గరగా కూర్చుని, మొహం గోడ వైపు తిప్పి, ఓరగా చూస్తున్నాడు. హోరో మొదలైంది. రుమాలు ఊపుతూ ముందు ఒకడు, వెనక మగవాళ్ళు, తర్వాత ఆడవాళ్ళ వరస నూతి చుట్టూ మెలి తిరుగుతూ వస్తోంది, వస్తోంది. తెర ఒక్క గెంతు గెంతింది. సామాన్లెత్తిన లారీలు. దుమ్ము. అయిపోయింది.

"వెళ్ళిపోయిందా?" అన్నాడు తాత. "చెదిరిపోయినట్టుంది నాకు. దోనా వెళ్ళిందా?"

"వెళ్ళింది మామా," అంది స్తానా గబగబా. "తలకి తెల్ల గుడ్డ కట్టుకుని, చివర్న. ఎంత బాగుందో!"

తాత మొహం విప్పారింది. ఒక్క క్షణమే. "రుమెన్, నువ్వు చెప్పు అబ్బాయ్. వీళ్ళు నా మీద జాలికొద్దీ ఏదైనా అంటారు. నువ్వు చూశావా?"

స్తానా వెనకనుంచి అతని చొక్కా పట్టుకుని గుంజింది. అవుననమని. ఒక్క మాట. శీతాకాలమంతా ఇంతకన్నా పెద్ద మాటలే కళ్ళార్పకుండా అన్నాడు.

"చూళ్ళేదు తాతా. ఆవిడ రాలేదు. ఆ ముక్క నీ కంప్యూటర్లోనే ఉండేది. జనవరిలో నేను తుడిచేశా. నీ కంప్యూటర్‌కి ఏ జబ్బూ లేదు. మేమే పెట్టె పెట్టి అందరి గొంతూ నొక్కాం. నాకు మొదట్నుంచీ తెలుసు."

స్తానా చొక్కా వదిలేసింది. దించ్యో ఏదో తిట్టబోయి, తాతని చూసి ఆగిపోయాడు.

లూబెన్ తాత మొహం గోడ వైపు తిప్పాడు. అంటే ఆయన రుమెన్‌నే చూస్తున్నాడు.

"అంటే జనవరిదాకా దోనా నా బల్ల కిందే ఉంది," అన్నాడు. "కాళ్ళకి అడ్డం వస్తోందని ఆ కంప్యూటర్ పెట్టెని అవతలికి తోసేవాణ్ణి."

రుమెన్ ఏడ్చేశాడు. ఎవరూ ఊరుకోబెట్టలేదు.

"మళ్ళీ వెయ్యి," అన్నాడు తాత.

"తాతా, అందులో ఆవిడ..."

"వినపడింది. హోరో దగ్గర్నుంచి వెయ్యి. అది గెంతక ముందే ఆపు."

రుమెన్ వేశాడు. రుమాలు ఊపేవాడు వచ్చాడు, మగవాళ్ళు వచ్చారు, ఆడవాళ్ళ వరస నూతి చుట్టూ మెలి తిరిగింది. ఖాళీకి వెంట్రుకవాసి ముందు మీట నొక్కాడు. నూతి మలుపు దగ్గర ఒక చెయ్యి వెనక్కి చాచి ఉంది. దాన్ని పట్టుకున్న ఆఖరి మనిషి ఇంకా తెర మీదికి రాలేదు.

"ఆపావా?"

"ఆపాను తాతా."

"అక్కడే ఉంచు," అన్నాడు లూబెన్ తాత, కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకుంటూ.