నిద్ర పట్టని తలగడ

పొద్దున్నే తమ్ముడు పరుపుల కొట్టు షట్టరు ఎత్తడమే ఆలస్యం, ఆవిడ సుద్దముక్క పట్టుకుని పరుపు మీద పడుకునేది. ముందు వెల్లకిలా, తర్వాత ఎడమ పక్కకి, ఆ తర్వాత కుడి పక్కకి. వీపు కిందో తుంటి కిందో దూది ఉండ కట్టినట్టు తగిలితే అక్కడ గుండ్రంగా గీసేది. ముందురోజు కుట్టిన పరుపులన్నీ అలా చూశాకే లేచి టీ తాగేది. గీతలున్న వాటి కుట్లు విప్పి, ఆ ఉండని వెతికి పట్టుకుని, తలలో చిక్కు తీసినంత ఓపిగ్గా విడదీసి మళ్ళీ కుట్టేది. ఒక్కో పరుపు నాలుగైదుసార్లు విప్పించుకునేది.

"కొనేవాడికి లేని చాదస్తం నీకెందుకక్కా" అని తమ్ముడు మొత్తుకునేవాడు. ఆవిడ విననట్టే దబ్బనంలో పురికొస ఎక్కించేది.

ఇక గీయడానికేమీ లేదనుకున్న పరుపు కాసేపటికి ఊపిరి తీయడం మొదలుపెట్టేది. చారల గుడ్డ మెల్లగా లేచేది, మెల్లగా దిగేది. అప్పుడు తమ్ముడు దాన్ని తెచ్చి కొట్టు ముందు పెట్టేవాడు. వచ్చినవాళ్ళు చెవి ఆనించి, విని, నచ్చినది ఎంచుకునేవాళ్ళు.

"ఇది కాస్త గురక పెడుతోందయ్యా" అన్నాడొకసారి లెక్కల మాస్టారు.

"మీకంటే నయమేలెండి" అంది ఆయన భార్య. అదే కట్టించుకుని వెళ్ళారు.

వీధి వీధంతా ఆవిడని గుడ్లగూబక్క అనేది. ఎదురుగానే అలా పిలిచేవాళ్ళు, ఆవిడా పలికేది. పదకొండేళ్ళుగా కన్ను మూతపడని మనిషికి ఇంకేం పేరు పెడతారు?

పదకొండేళ్ళ కిందట తల్లి ఆస్పత్రిలో ఉంటే, మంచం పక్కన స్టూలు మీద మూడు రోజులు కూర్చుంది. మూడోరోజు మధ్యాహ్నం, వార్డులో భోజనాలయ్యి సందడి సద్దుమణిగాక, మంచం పట్టెకి తల ఆనించింది. రెండు నిమిషాలే అనుకుంది. కళ్ళు తెరిచేసరికి గోడ మీది ఎండ కిటికీ దాటిపోయింది, తల్లీ పోయింది.

"మంచినీళ్ళని రెండుసార్లు అడిగిందమ్మా. నేను లేవలేను కదా, నిన్ను కేకేశాను. నువ్వు కదల్లేదు" అంది పక్క మంచం ముసలావిడ. ఆ ముసలావిడ చెడ్డదేం కాదు, ఉన్నమాటే చెప్పింది. చెప్పకపోయినా బాగుండేది.

ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నది తల్లి తల కింది తలగడ ఒక్కటే. దాని మూల కుట్టు ఊడి దూది బయటికి కనబడుతోంది. వచ్చీ రాగానే కూర్చుని, రెండు పేటల పురికొసతో చుట్టూతా బిగించి కుట్టేసింది. పని తెలిసినవాళ్ళెవరూ అలా కుట్టరు. దూదికి గాలి ఆడాలని ఒక మూల చిటికెన వేలు పట్టేంత సందు వదులుతారు. అప్పటికి ఆవిడకి పని తెలియదు. ఆ రోజు నుంచి నిద్ర రాలేదు.

మాత్రలు మింగింది. వేడిపాలు తాగింది. వంద నుంచి వెనక్కి లెక్కపెట్టింది. చుట్టాలూ ఇరుగుపొరుగూ తలా ఒక సలహా పడేసి, ఇంటికి పోయి హాయిగా పడుకున్నారు. అందరికంటే "మనసులో ఏమీ పెట్టుకోకు" అన్నవాళ్ళని చూస్తే ఆవిడకి ఒళ్ళు మండిపోయేది. మనసులో ఉన్నదాన్ని తీసి ఎక్కడ పెట్టాలో ఒక్కరూ చెప్పలేదు.

ఆ మంటతోనే ఒకరోజు కత్తెర తీసుకుని తను పడుకునే పరుపునే నిలువునా కోసిపారేసింది. లోపల నిమ్మకాయంత ఉండ దొరికింది. "ఇదా నా ప్రాణం తీస్తున్నది" అని దాన్ని పీచుపీచుగా విడదీసింది. ఇంకోటి దొరికింది. సాయంత్రానికి పరుపు మొత్తం ఏకి, మళ్ళీ నింపి, కుట్టింది. ఎవరూ నేర్పకుండానే ఆ మూల సందు వదిలింది. కాసేపటికి పరుపు ఊపిరి తీసింది. ఆవిడకి మాత్రం నిద్ర రాలేదు. కోపమొచ్చి దాన్ని చుట్టి తమ్ముడికిచ్చేసింది. అతను దాని మీద రెండు రోజులు ఏకబిగిన నిద్రపోయి, లేచి, ఉన్న ఉద్యోగం మానేసి కొట్టు అద్దెకి తీసుకున్నాడు.

మామూలు మనుషులు ఉండ తగిలేలోపే నిద్రలోకి జారుకుంటారు, వాళ్ళకేం తెలుస్తుంది? ఆవిడకి ఆవగింజంత ఉండ కూడా తెలిసేది. కసికొద్దీ వెతికేది. రాను రాను ఆ పని లేకపోతే బతకలేనన్నంతగా దాంట్లో పడిపోయింది. ఎక్కడెక్కడి నుంచో జనం వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. కానీ తను కుట్టిన పరుపుల మీద తను తప్ప అందరూ నిద్రపోతున్నారన్న సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఏడుపొచ్చేది. ఏడుస్తూనే కుట్టేది.

తల్లి తలగడ కొట్టు లోపలి అర మీద ఉండేది. అన్ని పరుపుల మధ్యా ఊపిరి తీయనిది అదొక్కటే.

ఒక మధ్యాహ్నం బస్సు కండక్టరమ్మాయి వచ్చింది. ఖాకీ చొక్కా, భుజాన టికెట్ల సంచి. పట్టుమని పాతికేళ్ళు లేవు, మొహం మాత్రం వాడిపోయి ఉంది.

"స్టూలు మీద వేసుకోడానికి చిన్న దిండు కావాలండీ."

"ఇదిగో, చెవి పెట్టి చూడండి. పసిపాపలా నిద్రపోతోంది" అన్నాడు తమ్ముడు.

"అది వద్దండీ. నిద్ర పట్టనిది కావాలి."

తమ్ముడు నవ్వేశాడు. "మంగలి షాపుకొచ్చి జుట్టు పెంచమన్నట్టుందమ్మా!"

ఆ అమ్మాయి నవ్వలేదు. "మా నాన్న ఆస్పత్రిలో ఉన్నాడండీ. పొద్దున డ్యూటీ చేసుకుని, మధ్యాహ్నం నుంచి ఆయన దగ్గరే ఉంటున్నా. నేను తప్ప ఎవరూ లేరు. డాక్టరుగారు వారం అన్నారు. కూర్చుంటే చాలు కళ్ళు మూతలు పడిపోతున్నాయి. నిన్న స్టూలు మీంచి కింద పడ్డాను కూడా. ఆయనకి అసలే గొంతు పైకి రావట్లేదు. ఎప్పుడు పిలుస్తాడో ఏమో..."

లోపల గుడ్లగూబక్క చేతిలో దబ్బనం ఆగిపోయింది. లేచి బయటికొచ్చి, ఆ అమ్మాయి కళ్ళలోకి కాసేపు చూసింది.

"ఎల్లుండి రా" అంది.

మామూలు దూదితో దిండు కుట్టింది. గంటలో అది ఊపిరి తీసింది. దూది మానేసి రంపప్పొట్టు నింపింది. అదీ నిద్రపోయింది. ఎండుగడ్డి కుక్కింది, లాభం లేదు. చివరికి గులకరాళ్ళు పోసి కుట్టింది. రాళ్ళ దిండు అన్నిటికంటే గట్టిగా గురక పెట్టింది. పదకొండేళ్ళ నిద్ర చేతుల్లోంచి కారిపోతుంటే ఏది మాత్రం మేలుకుని ఉంటుంది? రెండోరోజు సాయంత్రం పీట ఎక్కి అర మీది తలగడ దించింది.

"అక్కా, అది అమ్మది" అన్నాడు తమ్ముడు.

"నాకు తెలీదూ?"

రెండు పేటల పురికొస కోయడానికి చెయ్యి నొప్పి పుట్టింది. లోపలి దూది పసుపు రంగు తిరిగి, గట్టిపడిపోయి ఉంది. కూర్చుని పోగుపోగూ ఏకింది. ఏకుతున్నంతసేపూ పక్కన గ్లాసుతో మంచినీళ్ళు పెట్టుకుంది, ఒక్క గుక్కా తాగలేదు. కొత్త గుడ్డలో నింపి, మూల సందు వదలకుండా చుట్టూతా బిగించి కుట్టింది. అప్పుడు తెలియక చేసిన తప్పునే ఇప్పుడు కావాలని చేసింది.

తమ్ముడు చెవి పెట్టి విన్నాడు. "ఉలుకూ లేదు పలుకూ లేదు" అన్నాడు.

మర్నాడు కండక్టరమ్మాయి దాన్ని టికెట్ల సంచిలో దోపుకుని పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది. ఆవిడ ఆ పిల్ల వెళ్ళినవైపే చూస్తూ నిలబడి, ఆవలించింది. ఇదేమిటా అనుకుంది. ఇంకోసారి ఆవలించింది. మధ్యాహ్నం టీ తెచ్చిన తమ్ముడికి ఆవిడ సగం కుట్టిన పరుపు మీద నోరు తెరుచుకుని నిద్రపోతూ కనబడింది. అతను టీ గ్లాసు కిందపెట్టి, చేత్తో నోరు మూసుకుని ఏడ్చాడు. షట్టరు సగానికి దించి, గుమ్మంలో కాపలా కూర్చున్నాడు.

ఎంత హాయి! పదకొండేళ్ళ తర్వాత ఆవిడ ఒంట్లో ఎముకలన్నీ సడలాయి. లేచాక మొహం కడుక్కుని అద్దంలో చూసుకుంటే ఎవరో చిన్ననాటి స్నేహితురాలు కనబడ్డట్టుంది. మర్నాడూ నిద్రపోయింది, ఆ మర్నాడూ. ఆకలి వేసింది. తమ్ముడి జోకులకి నవ్వొచ్చింది.

కాకపోతే సుద్దముక్క పట్టుకుని పరుపెక్కితే ఎడమ పక్కకి తిరిగేలోపే కన్ను మూతపడేది. సుద్దముక్క అరగడం మానేసింది. కుట్టిన పరుపులు కుట్టినట్టే పడి ఉండేవి, ఒక్కటీ ఊపిరి తీయలేదు. మొదట లెక్కల మాస్టారి తోడల్లుడు వచ్చి, "మాది ఊరికే పడుంటోందయ్యా, మేమూ ఊరికే పడుంటున్నాం" అని కొత్త పరుపు వెనక్కిచ్చేశాడు. తర్వాత ఇంకో ఇద్దరొచ్చారు. వారం తిరిగేసరికి చెవి ఆనించే మనిషే లేడు.

"పోనీలే అక్కా, నువ్వు నిద్రపోతున్నావు, అది చాలు నాకు" అన్నాడు తమ్ముడు. నిజంగానే అన్నాడు. ఆవిడకి దబ్బనం పట్టుకుంటే చేతిలో పని గుర్తుకు రావట్లేదు. ఆ దిగులు ఒక మూల తొలుస్తున్నా, నిద్ర ముంచుకొస్తే అదీ మరిచిపోయేది.

తొమ్మిదోరోజు పొద్దున కండక్టరమ్మాయి మళ్ళీ వచ్చింది. ఖాకీ చొక్కా లేదు. చంకలో దిండు ఉంది. కళ్ళు ఎర్రగా, ఎండిపోయి ఉన్నాయి. ఆ కళ్ళని గుడ్లగూబక్క చూడగానే గుర్తుపట్టింది. పదకొండేళ్ళు అద్దంలో చూసినవే.

"నాన్న పోయాడక్కా. ఆరు రోజులైంది."

"కూర్చో."

"నిద్ర రావట్లేదు. మాత్రలేసుకున్నా రావట్లేదు. నిన్న డ్యూటీకెళ్తే టికెట్లు ఒకటికి రెండిచ్చానట, ఇంటికి పంపేశారు."

"కొత్తలో అలాగే ఉంటుంది. అలవాటైపోతుందిలే" అంది ఆవిడ. అని, తలొంచుకుంది. అలవాటైందా తనకి? పదకొండేళ్ళలో ఒక్కరోజైనా అయిందా? ఆ దిండు ఈ పిల్ల దగ్గరే ఉండిపోతే తను ఇలాగే నిద్రపోతూ ముసలిదైపోవచ్చు. ఎవరూ తప్పుపట్టరు. అడిగి పట్టుకెళ్ళింది ఆ పిల్లే. ఈ ఆలోచన రాగానే ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యం వేసినా నిద్ర మీద ఆశ చావలేదు.

"పిలిచాడా?" అని అడిగింది చివరికి.

"పిలిచాడక్కా. వార్డంతా పడుకున్నారు, మధ్యాహ్నం. పెదాలు కదిలాయంతే. నీళ్ళడిగాడు."

"ఎన్నిసార్లు అడిగాడు?"

"ఒక్కసారే. వెంటనే ఇచ్చాను. రెండు చెంచాలు తాగాడు. నా చెయ్యి పట్టుకున్నాడు, తర్వాత వదిలేశాడు."

గుడ్లగూబక్క రెండు చెంచాలు, రెండు చెంచాలు అని లోపల్లోపలే అనుకుంది. తర్వాత చెయ్యి చాచింది. "దాన్నిటివ్వు."

తమ్ముడు గబగబా వచ్చి అడ్డం నిలబడ్డాడు. "వద్దక్కా, తీసుకోకు. కొట్టు మూసేద్దాం. ఇంకేదైనా పని చూసుకుంటాను. నీ కాళ్ళు పట్టుకుంటాను, వద్దు."

"నీళ్ళిచ్చిన పిల్లరా ఇది. దీనికెందుకు ఈ మెలకువ?" అంది ఆవిడ. "తప్పుకో."

కండక్టరమ్మాయికి వాళ్ళ మాటలు అర్థమైనట్టు లేదు. దిండు మాత్రం ఇచ్చింది. ఇచ్చిన చెయ్యి ఇచ్చినట్టే జారిపోయింది. వెనక పేర్చి ఉన్న పరుపుల మీదికి అలాగే ఒరిగి, చెప్పులైనా విప్పకుండా నిద్రపోయింది. తమ్ముడు కళ్ళు తుడుచుకుంటూ ఆ చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. ఎండ మొహం మీద పడకుండా షట్టరు సగానికి దించాడు.

ఆవిడ పీట ఎక్కి దిండుని అర మీద, పాత చోటే పెట్టింది. ఆవలింత వస్తుందేమోనని కాసేపు నిలబడి చూసింది. రాలేదు. దిగి, సుద్దముక్క వెతుక్కుని, వారంగా చచ్చుబడి ఉన్న పరుపు మీద వెల్లకిలా పడుకుంది. పైకప్పు కేసి కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. పక్కన ఆ పిల్ల ఊపిరి వినబడుతోంది. ఎడమ పక్కకి తిరిగింది. తుంటి కింద ఆవగింజంత ఉండ తగిలింది.

అక్కడ గుండ్రంగా గీసింది.